నాలుగు వేణువు శాంపిళ్లు మాత్రమే ఒకటిన్నర అర్ధస్వరం హెచ్చుగా పలుకుతున్నాయి

ప్రశ్న:
నా వేణువును ఒక్కో స్వరంగా రికార్డు చేసి, ప్రతి మూడు అర్ధస్వరాలకు ఒకటి చొప్పున తొమ్మిది శాంపిళ్లు తయారుచేసి శాంపిలర్‌లో (రికార్డు చేసిన ధ్వనిని వేర్వేరు స్వరాలుగా పలికించే సాధనం) పెట్టుకున్నాను. ఐదు బాగానే పలుకుతున్నాయి. మిగిలిన నాలుగూ పియానోతో కలిపి వింటే చెవులు మూసుకోవాలనిపిస్తోంది. వాటికి ట్రాన్స్‌పోజ్ −1, ఫైన్ ట్యూన్ −47 పెడితే శ్రుతిలో పడ్డాయి. హమ్మయ్య అనుకుని వాటినే ఇంకో శాంపిలర్‌లోకి తీసుకెళ్తే, అవే నాలుగు ఇప్పుడు అంతే తగ్గి పలుకుతున్నాయి! రూట్ నోట్లు (ఏ శాంపిల్ అసలు ఏ స్వరమో శాంపిలర్‌కు చెప్పే అమరిక) మూడుసార్లు సరిచూశాను. ఊదిందీ నేనే, కొలిచిందీ నేనే కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

జవాబు 1:
మిడిలో (స్వరాలను అంకెలతో గుర్తించే డిజిటల్ పద్ధతి) 60వ నోటును కొన్ని శాంపిలర్లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి. పేరు చూసి కాకుండా అంకె చూసి రూట్ నోట్ పెట్టండి.

అడిగినవారు:
అదే అయితే తేడా పూర్తిగా ఒక స్థాయి, అంటే 12 అర్ధస్వరాలు రావాలి కదా. నాది ఒకటిన్నర.

జవాబు 2:
మీ ప్రశ్నలోనే జవాబుంది. ఒక అర్ధస్వరమూ 47 సెంట్లూ (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) కలిపితే 147 సెంట్లు. 48,000ను 44,100తో భాగించి సెంట్లలోకి మార్చినా దాదాపు అంతే వస్తుంది. ఆ నాలుగు ఫైళ్లు 44,100 హెర్ట్జ్ శాంపుల్ రేటులోనూ (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో ఆ సంఖ్య), మిగతావి 48,000లోనూ ఉన్నాయేమో చూడండి. మీ మొదటి శాంపిలర్ ఫైలు హెడర్‌ను (ఆ రేటు రాసి ఉండే ఫైలు మొదటి భాగం) పట్టించుకోకుండా అన్నిటినీ 48,000 వేగంతో నడిపిస్తోంది. రెండోది హెడర్ చదువుతుంది కాబట్టి, అక్కడ మీ సవరణే అపశ్రుతి అయింది.

ఆ నాలుగింటినీ ఎడిటర్‌లో 48,000కు రీశాంపిల్ చేయండి, అంటే శ్రుతి మారకుండా ధ్వనిని కొత్త రేటుకు తిరిగి లెక్కగట్టించండి. హెడర్‌లో అంకె ఒక్కటే మారిస్తే తప్పు శాశ్వతమైపోతుంది, ఈ రెండింటినీ కలపకండి. తర్వాత ట్రాన్స్‌పోజ్, ఫైన్ ట్యూన్ రెండూ సున్నా చేయండి.

అప్పుడు అసలు శ్రుతి చూడండి. వేణువు స్వరం మొదట్లో ఊపిరి తగిలి కాస్త జారుతుంది, అందుకని నిలకడగా ఉన్న మధ్యభాగాన్నే కొలవండి. 440 రావలసిన చోట 443 వస్తే −12 సెంట్లు చాలు. ఒకసారి నేను గంట శబ్దానికి ట్యూనర్ చెప్పిందే వేదమనుకుని రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. గంటలో ఉపస్వరాలు (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) మూల స్వరానికి పూర్ణాంక గుణిజాలుగా ఉండవు, ట్యూనర్ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని అదే స్వరమంటుంది. వేణువుతో ఆ బెడద లేదు.

అడిగినవారు:
నిజమే! మొదటి రోజు రికార్డు చేసిన నాలుగూ 44,100. రీశాంపిల్ చేశాక రెండు శాంపిలర్లలోనూ కుదిరాయి. పై స్థాయిలోని 880 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఇంకా 8 సెంట్లు ఎక్కువ. వదిలేయవచ్చా?

జవాబు 2:
అక్కడ గట్టిగా ఊది ఉంటారు, గాలి బలం పెరిగితే వేణువు శ్రుతీ పెరుగుతుంది. 880 దగ్గర 8 సెంట్లంటే సుమారు 4 హెర్ట్జ్. సరైన శ్రుతిలో ఉన్న స్వరంతో కలిపి పట్టి ఉంచితే సెకనుకు నాలుగు విస్పందనాలు (శబ్దం పెరిగి తగ్గే అలలు) వినిపిస్తాయి. త్వరగా దాటిపోయే స్వరమైతే వదిలేయండి. లూప్ చేసి సాగదీస్తారంటే −8 పెట్టండి.