మా సెంటర్ బ్యాక్ అన్నకి వేగం తగ్గింది. కూర్చోబెట్టాలా, ఇంకో రకంగా ఆడించాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు ఆదివారం లీగ్‌లో ఆడే ఫుట్‌బాల్ టీమ్ మాది. రెండేళ్లుగా కెప్టెన్ని నేనే. మా సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ నడుమ ఆడే) అన్నకి 39 ఏళ్లు. టీమ్ పెట్టింది ఆయనే. గ్రౌండ్ బుకింగ్, రిఫరీ డబ్బులు, వాటర్ క్యాన్లు ఇప్పటికీ ఆయనే చూసుకుంటాడు. నాకు టాకిల్ చెయ్యడం నేర్పిందీ ఆయనే.

ఈ సీజన్‌లో 6 మ్యాచ్‌ల్లో మా మీద 14 గోల్స్ పడ్డాయి. ఎక్కువ భాగం ఒకే తీరు. డిఫెన్స్ వెనక్కి పొడుగు బంతి వేస్తారు, అన్న తిరిగేలోపు వాళ్ల కుర్రాడు దాటేస్తాడు. మొన్న ఆదివారం దగ్గర్నుంచి చూశాను. బంతి గాల్లో ఉండగానే అది ఎక్కడ పడుతుందో అందరికంటే ముందు అన్నకే తెలిసింది. చెయ్యెత్తి రైట్ బ్యాక్‌కి చూపించాడు కూడా. కానీ తను తిరగడానికి మూడడుగులు పట్టింది. అప్పటికే అయిపోయింది. ఆట ముగిశాక కారు డోర్ తీసి, కాలు బయటపెట్టి, మోకాలికి చుట్టిన క్రేప్ బ్యాండేజ్ విప్పుకుంటున్నాడు. నేను చూసీ చూడనట్టు వచ్చేశాను.

బెంచ్ మీద 22 ఏళ్ల కుర్రాడున్నాడు. బాగా ఉరుకుతాడు, లైన్ పట్టడం, అంటే మిగతా డిఫెండర్లతో ఒకే వరసలో ఉండడం, మాత్రం రాదు. టీమ్‌లో చిన్నవాళ్లంతా అన్నని తీసెయ్యమంటున్నారు. వచ్చే నెల నాకౌట్ మ్యాచ్‌లు. ఏం చెయ్యమంటారు?

జవాబు

టీమ్‌ని ఎంచాల్సింది ఆట చూసి, పెద్దరికం చూసి కాదు. 14 గోల్స్ పడ్డాక ఇంకా ఆలోచన దేనికి? కుర్రాణ్ని దింపండి. తప్పులు చేస్తాడు, చేస్తూనే నేర్చుకుంటాడు.

ఇంకో జవాబు

పదిహేనేళ్లుగా పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. పెద్దరికం చూసి ఆడించకూడదన్న మాట నిజమే. కానీ గోల్స్ అన్నీ ఒకే తీరులో పడుతున్నాయంటే ఆయన కాళ్లనే తప్పుపట్టి ఊరుకోకూడదు, మీ లైన్ ఎక్కడుందో కూడా చూడాలి. డిఫెన్స్‌ని సెంటర్ లైన్ దాకా తీసుకెళ్తున్నారా?

డిఫెండర్‌కి ముందుగా పోయేది వెనక్కి తిరిగి ఉరికే శక్తి. ముందుకొచ్చి బంతి అందుకోవడం, హెడర్ గెలవడం, రెండడుగులు పక్కకి జరిగి దారి మూసెయ్యడం చాలాకాలం నిలుస్తాయి. అలాంటి మనిషి వెనకాల నలభై గజాల ఖాళీ ఉంచితే అవతలివాళ్లకి మనమే దారి చూపించినట్టు.

బ్రెజిల్ డిఫెండర్ థియాగో సిల్వా ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వచ్చింది 2020లో, 36 ఏళ్లు నిండే ముందు. లీగ్‌లో ఆయన మొదటి మ్యాచ్ వెస్ట్ బ్రామ్ మీద. ఆయన పొరపాటుతోనే ఒక గోల్ పడింది, హాఫ్ టైమ్‌కి చెల్సీ 3-0తో వెనకబడింది. చివరికి 3-3తో బయటపడ్డారు. సిల్వా పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. జనవరిలో కొత్త కోచ్ టూహెల్ వచ్చి ముగ్గురు డిఫెండర్లతో ఆడించాడు. సిల్వా నడిమధ్య, పక్కల పరుగెత్తి కాపాడేవాళ్లు. ఆ మే నెలలోనే చాంపియన్స్ లీగ్ గెలిచారు. అయితే ఆ ఫైనల్లోనే 39వ నిమిషంలో ఆయన గాయంతో బయటికొచ్చేశాడు, క్రిస్టెన్సెన్ దిగి మిగతా ఆటంతా కాచాడు. కాబట్టి పెద్దాయన్ని ఆడించే రోజు బెంచ్ మీద ఇంకో డిఫెండర్ వేడెక్కి ఉండాల్సిందే.

మీ అన్న గురించి చదవగానే నాకు గుర్తొచ్చింది మాత్రం ఆర్సెనల్ క్లబ్ డిఫెండర్ మెర్టెసాకర్. వయసులో ఉన్నప్పుడు కూడా వేగం లేని మనిషి. 2016-17లో మోకాలి గాయంతో సీజన్ దాదాపు మొత్తం పోయింది. ఆ సీజన్‌లో ఆట మొదటి నుంచీ ఆయన ఆడిన ఒకే ఒక్క మ్యాచ్ 2017 మే 27న వెంబ్లీలో జరిగిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్. మిగతా డిఫెండర్లలో కోసియెల్నీకి సస్పెన్షన్, గాబ్రియెల్‌కి గాయం, ఆర్సెనల్‌కి వేరే దారి లేదు. ముగ్గురి మధ్యలో నిలబెట్టారు. ఒక పక్క 21 ఏళ్ల హోల్డింగ్, ఇంకో పక్క మోన్రియాల్, ఎదురుగా చెల్సీ ఫార్వర్డ్ డియెగో కోస్టా. కోస్టా ఒక గోల్ కొట్టాడు, అయినా ఆర్సెనల్ 2-1తో గెలిచింది. ఆ రోజు మెర్టెసాకర్ ఆట మీ కుర్రాళ్లకి చూపించండి. ఆ తర్వాతి సీజన్ ముగిశాక అదే క్లబ్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. ఆ సంగతి 2017 జూలైలోనే బయటికి చెప్పేశారు. చివరి ఏడాది బెంచ్ మీదే ఎక్కువ కూర్చున్నా, తర్వాత చెయ్యబోయే పనేంటో ఆయనకీ తెలుసు, టీమ్‌కీ తెలుసు.

మీరు చెయ్యాల్సింది: లైన్‌ని పెనాల్టీ ఏరియాకి ఓ పది గజాల దూరానికి దించండి. ముగ్గుర్ని పెట్టి అన్నని మధ్యలో ఉంచండి, ఆ 22 ఏళ్ల కుర్రాణ్ని ఆయన పక్కనే ఆడించండి. లైన్ దించినప్పుడు మిడ్‌ఫీల్డ్ కూడా దిగాలి. లేకపోతే మధ్యలో ఖాళీ ఏర్పడి దూరం నుంచి షాట్లు పడతాయి. ఇది చాలామంది మర్చిపోతారు.

మరొకరు

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియా కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్, తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపాడు. జర్నైల్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం వచ్చింది. మీ అన్నకి హెడర్లు బాగుంటే కార్నర్లకి పైకి పంపండి.

కోచ్

పంపొచ్చు. కానీ కార్నర్ పోయాక మళ్లీ అరవై గజాలు వెనక్కి రావాలి, ఆ పరుగే ఆయన దగ్గర లేనిది. పంపితే ఫుల్‌బ్యాక్‌లు (పక్కల ఆడే డిఫెండర్లు) ఇద్దరూ కదలకుండా వెనకే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. కానీ ముగ్గురితో ఆడాలంటే పక్కల పైకీ కిందికీ ఉరికే ఇద్దరు కావాలి, మాకు లేరు. నలుగురితోనే ఆడాలి. ఇంకోటి, ఆయనతో ఈ మాట ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు. తల్చుకుంటేనే గొంతు పట్టేస్తోంది.

ఇంకొకరు

నేను గా అన్న దిక్కు నుంచి చెప్త తమ్మీ. నాకు 42. నేను గూడ సెంటర్ బ్యాకే. మూడేండ్ల కింద మా టీమ్‌ల నాకు ఒక్కలు గూడ చెప్పలె. శనివారం రాత్రి గ్రూపుల లిస్టు పెట్టిన్రు, నా పేరు పదమూడోది. తప్పు పడ్డదేమో అనుకున్న. పొద్దుగాల పోయి షూ లేసులు గూడ కట్టుకున్న. ఎవ్వలు నా మొకం దిక్కు చూడలె. బెంచ్ మీద కూసునుడు బాధ గాదు. నా కాళ్ల సంగతి నాకు ఎరుకనే, రెండేండ్ల సంది ఎరుకే.

మ్యాచ్ దినం చెప్పకు. వారం నడుమ నువ్వొక్కనివే ఇంటికి పో. లిస్టు ముచ్చట తర్వాత, ముందుగాల మోకాలు ఎట్లున్నదని అడుగు. మొన్న చూసీ చూడనట్టు వచ్చినవ్ గదా, గది నాకు మంచిగ అనిపియ్యలె. ఇగ చెప్పేటప్పుడు చక్కగ చెప్పు, ఇన్ని నిమిషాలు, ఈ పని అని. కోపం జేస్తె జెయ్యనీ. తెల్లారి ఫోన్ చేస్తడు.

కోచ్

పై జవాబు రెండుసార్లు చదవండి, నేను అంతకంటే బాగా చెప్పలేను.

నలుగురితో అయితే ఇలా చెయ్యండి. అన్న వైపు ఫుల్‌బ్యాక్ సెంటర్ లైన్ దాటకూడదు, దాడికి అవతలి ఫుల్‌బ్యాక్ ఒక్కడే వెళ్లాలి. లైన్ పైకి తెచ్చే అరుపు అన్నదే, వెనక్కి ఉరికే పని కుర్రాడిది. మీ లీగ్‌లో బయటికొచ్చిన ఆటగాడు తిరిగి దిగొచ్చా? చిన్న లీగ్‌లు చాలావాటిలో ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే అన్నని 90 నిమిషాలూ నిలబెట్టాల్సిన పనే లేదు. బాగా వేగమున్న టీమ్ ఎదురైతే బెంచ్ మీద ఉంచి, మీరు గెలుస్తున్నప్పుడు చివరి ఇరవై నిమిషాలు దింపండి. అప్పుడు వాళ్లు బంతులన్నీ గాల్లోంచే వేస్తారు, ఆ హెడర్లు ఆయన గెలుస్తాడు.

ఒక జాగ్రత్త. 2017 మేలో సండర్‌లాండ్ మీద చెల్సీ ఆఖరి లీగ్ మ్యాచ్‌లో వాళ్ల కెప్టెన్ జాన్ టెర్రీని 26వ నిమిషంలో బయటికి పిలిచి టీమంతా రెండు వరసలు కట్టి సాగనంపారు. ఆయన చొక్కా నంబర్ 26. లీగ్ టైటిల్ అప్పటికే చేతికొచ్చింది కాబట్టి సరిపోయింది. నాకౌట్‌లో మీరు అలాంటి మర్యాదలు పెట్టుకోకండి. కావాలంటే సీజన్ అయ్యాక మీలో మీరు ఒక మ్యాచ్ ఆడుకుని ఘనంగా చెయ్యండి.

ప్రశ్న అడిగినవారు (వారం తర్వాత)

బుధవారం రాత్రి వెళ్లాను. ముందు మోకాలి గురించే అడిగాను. మెట్లు దిగేటప్పుడు పట్టేస్తోందట, ఇంట్లో కూడా చెప్పలేదట. డాక్టర్‌కి చూపించేదాకా ఆడనని ఆయనే అన్నాడు. నిమిషాల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత కరెంటు బిల్లు వెనకాల గ్రౌండ్ గీసి, రైట్ బ్యాక్ ఎక్కడ నిలబడుతున్నాడో, ఎక్కడ నిలబడాలో చూపించాడు. నేను అడగాలనుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం కుర్రాణ్ని పిలిచి గంటసేపు ఒకటే పని చేయించాడు: అవతలివాళ్లు బంతిని తమ వెనక్కి పంపితే అరుపు వినగానే పైకి రావడం, అరుపు లేకపోతే కదలకపోవడం. ఈ ఆదివారం కుర్రాడు మొదటి నుంచీ ఆడుతున్నాడు, అన్న టచ్‌లైన్ దగ్గరుంటాడు. రాత్రికి స్కోరు ఇక్కడే పెడతాను.