షాటో ముసార్ రెడ్: ఇప్పుడే తెరవాలా, దాచాలా?

ప్రశ్న: లెబనాన్ రెడ్ వైన్ షాటో ముసార్, 2016 పంటది ఒక్క సీసా ఉందండీ. ఇంకో పదేళ్లు ఉంచొచ్చా? ఉండేది హైదరాబాద్, వైన్ ఫ్రిజ్ లేదు.

జవాబు: వైన్ ఆగుతుంది, మీ అల్మారానే ఆగనివ్వదు. హోషార్ కుటుంబం 1930లో మొదలుపెట్టిన వైనరీ అది. బెకా లోయలో పండే కాబెర్నే సావిన్యోన్, సెన్సో, కారిన్యాన్ ద్రాక్షలు కలిపి చేసి, కోతైన ఏడో ఏటికి గానీ బయటికి వదలరు. దాచాలంటే 12-14 డిగ్రీలు, చీకటి, సీసా అడ్డంగా. మే నెల వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, చల్లబడ్డాక గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ చోటు లేకపోతే ఈ చలికాలంలోనే తాగేయండి.

జవాబు: తెరిచే ముందు రోజంతా నిలబెట్టండి, మడ్డి దిగాలి. డికాంటర్‌లోకి (వైన్‌కి గాలి తగలడానికి పోసే గాజు కూజా) వంచేటప్పుడు సీసా మెడ కింద టార్చ్ పెట్టండి. నల్లటి పోగులా మడ్డి మెడలోకి రాగానే ఆపేయాలి, అడుగున రెండు మూడు చెంచాలు పోతే పోనీ. తాగేటప్పుడు 17 డిగ్రీలు చాలు. మన గది వేడికి ఆల్కహాలే ముక్కుకి కొడుతుంది, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. కాస్త నెయిల్ పాలిష్ వాసన, తోలు వాసన దీని స్వభావమే. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం బిరడా దోషం, ఎంత గాలి తగిలినా పోదు.

ప్రశ్న వేసినవారు: డికాంటర్‌లో ఎంతసేపండీ?

జవాబు: దీనికి గంట, రెండు గంటలు. ఇరవై నిమిషాలకోసారి గుటక వేసి చూడండి. పాతికేళ్లు దాటిన సీసాకైతే అంత గాలి వద్దు, వంచిన వెంటనే పోసేయాలి.