చెరువు గట్ల కోసం పాత ఫోర్ వీల్ జీపు కొనడం లాభమా, భారమా?

ఆకివీడు రైతు:
మాకు పది ఎకరాల రొయ్యల చెరువులు ఉన్నాయి. తారు రోడ్డు నుంచి చెరువు దాకా రెండు కిలోమీటర్ల మట్టి గట్టు మీద వెళ్లాలి. వాన పడిందంటే ఆ నల్లమట్టి మీద మోటారు సైకిలే నిలవదు, ఇక మామూలు కారు సంగతి చెప్పనక్కరలేదు. 2012 మోడల్ డీజిల్ ఫోర్ వీల్ జీపు ఒకటి మూడు లక్షల ఇరవై వేలకు బేరానికి వచ్చింది. ఆ డబ్బుతో పాత ట్రాక్టరు కొంటే మేత బస్తాలకూ గట్టు పనులకూ పనికి వస్తుందని, జీపు అయితే రిపేరు షెడ్డుకు తిప్పడంతోనే సరిపోతుందని మా అన్నయ్య అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలకొల్లు మెకానిక్:
రైతు గారూ, ఇంజను మోత విని ధర కట్టవద్దు. మన డెల్టాలో పాత జీపును తినేసేది ఇంజను అరుగుదల కన్నా ముందు ఉప్పు. బండి కిందికి దూరి, వెనక కమాను పట్టీలు చాసిస్‌కు, అంటే బండి కింది ఇనుప చట్రానికి, తగిలే చోట చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుమైతే ఖణేలుమంటుంది. లోపల తుప్పు పొరలు కట్టి ఉంటే మొద్దు శబ్దం వస్తుంది, పైన కొత్తగా వేసిన నల్లరంగు రేకులుగా ఊడి చేతిలో పడుతుంది. అలాంటి బండిని లక్షకు ఇచ్చినా తీసుకోవద్దని నా మాట.

రెండోది, ముందు డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల చక్రాల పెట్టె) బోల్టు విప్పించి కాస్త ఆయిల్ తీయించండి. అది పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరినట్టే. చాలా దూరం నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి నీటిలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసు గాలి పీల్చుకునే గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే, ఆ లాగుడుకు సీళ్ల సందుల్లోంచి నీరు లోపలికి వస్తుంది. కాలువ దాటి వచ్చిన బండికి ఆయిల్ చూడకుండా ఏడాది తిప్పితే బేరింగులు, పళ్ల చక్రాలు రెండూ పోతాయి.

మన వాళ్లు చేసే పొరపాటు మరొకటి ఉంది. ముందు, వెనక ఇరుసుల మధ్యలో డిఫరెన్షియల్ లేని ఈ పాత బండ్లలో నాలుగు చక్రాల గేరు వేసి తారు రోడ్డు మీద నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. బురదలోనైతే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది, పొడి రోడ్డు మీద ఆ ఒత్తిడంతా ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీదా, షాఫ్టు కీళ్లయిన క్రాసుల మీదా పడుతుంది. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు టైర్లు ఉన్న బండికీ ఇదే గతి. అలాగని ఆ గేరును అసలు వాడకపోయినా బిగుసుకుపోతుంది కనుక నెలకొకసారి మట్టి మీద కాసేపు వేసి నడపాలి.

కాగితాలు కూడా చూసుకోండి. సొంత బండికి 15 ఏళ్లు నిండగానే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అదీ ఐదేళ్లకే. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి కార్లకు అయిదు వేలు అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నందున అక్కడివి చవకగా వస్తుంటాయి. నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకున్నాకే బేరం ఆడాలి.

పి.గన్నవరం లంక రైతు:
నేను మీ అన్నయ్య గారి పక్షమే. 2022 జూలై వరదకు ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా కాజ్‌వే నీటిలో ఉంది, మమ్మల్ని ఆదుకున్నది పడవలే. నాలుగు చక్రాలకు నేల అందినప్పుడే ఆ బలం పనిచేస్తుంది. వట్టి బురదలోనూ అంతే. రోడ్డు టైర్ల గాళ్లలో జిగటమట్టి నిండాక నాలుగూ నున్నగా అయిపోయి ఒకేసారి జారతాయి. మూడేళ్లు ఉంచుకున్న మా జీపు ఎన్నిసార్లు దిగబడితే అన్నిసార్లూ ట్రాక్టరుతోనే లాగించుకున్నాను. అమ్మేటప్పుడు కొన్న ధరలో సగం కూడా రాలేదు.

భీమవరం చెరువుల రైతు:
లంక రైతు గారు టైర్ల గురించి చెప్పింది నిజం, అందుకే మంచి బురద టైర్ల ఖర్చును కూడా బండి ధరలోనే కలుపుకోవాలి. కానీ ట్రాక్టరుతో పోల్చడం మాత్రం సరికాదు. చెరువులో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే యంత్రాలు ఆగి, కాపలా మనిషి జనరేటరు లేవడం లేదని ఫోను చేస్తే, నేను పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఇంట్లో ఉంటాను. ట్రాక్టరు మీద గంటకు పైగా పడుతుంది, అప్పటికి రొయ్య పైకి తేలిపోతుంది. తారు రోడ్డు మీద వేగంగా వచ్చి, అదే ఊపున వాన గట్టు మీదికి ఎక్కగలిగే బండి నాకు కావాలి. నిరుడు నాలుగు చక్రాల గేరు వేయాల్సి వచ్చింది ఇరవై ఆరు రోజులే. వాటిలో ఒక్క రాత్రి కాపాడుకున్న పంట చాలు, నాలుగేళ్లలో క్లచ్ ప్లేటుకు, క్రాసులకు, చాసిస్ వెల్డింగుకు పెట్టిన లక్షా పదివేలు నాకు బరువు అనిపించలేదు. చెరువు పక్కనే ఇల్లున్న వారికి నేనూ జీపు కొనమని చెప్పను.

కడుగుడు విషయంలో బద్ధకించకండి. మా వైపు బోరు నీరే ఉప్పన కనుక, ఆ నీటితో కడిగితే కడగనట్టే. వారానికి ఒకసారి కాలువ నీళ్లు డ్రమ్ముల్లో తెప్పించి కింది భాగమంతా కొట్టిస్తాను.

ఆకివీడు రైతు:
నిన్న షెడ్డులో ఆ జీపును చూపించాను. చాసిస్ గట్టిగానే మోగింది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ మాత్రం మెకానిక్ గారు చెప్పినట్టు పాలటీలాగే కారింది. విప్పి చూడనిదే ఖర్చు చెప్పలేమన్నారు, విప్పడానికి అమ్మే ఆయన ఒప్పుకోలేదు. మా ఇల్లు చెరువుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరం, కనుక భీమవరం వారి లెక్కే మాకు సరిపోతుందని అన్నయ్య కూడా ఒప్పుకున్నారు. ఈ బండిని వదిలేశాం. చాసిస్ బాగుండి, విప్పి చూపించడానికి ఒప్పుకునేవారు తణుకు, నరసాపురం వైపు ఎవరైనా ఉంటే చెప్పగలరు. టైర్లతో కలిపి నాలుగు లక్షలు దాటకూడదని అనుకుంటున్నాం.