తొల్యాత్తికి ఇంగ్లిష్‌లో జి రాయాలా, వై రాయాలా?

ప్రూఫుల పిచ్చి:
ఎరువుల మార్కెట్ మీద మా ఆఫీసులో ఇంగ్లిష్ రిపోర్టు ఒకటి తయారవుతోంది. రష్యా నుంచి ఒడెస్సా దగ్గరి రేవుకు వెళ్లే అమ్మోనియా పైప్‌లైన్ గురించి అందులో ఒక పేజీ ఉంది (2022 ఫిబ్రవరి నుంచి ఆగిపోయిన పైపే). అది మొదలయ్యేది వోల్గా ఒడ్డున ఉన్న తొల్యాత్తిలో, లాడా కార్లు తయారయ్యే ఊళ్లో. రిపోర్టులో ఒకచోట టి-ఓ-జి-ఎల్-ఐ-ఏ-టి-టి-ఐ అనీ, ఇంకోచోట టి-ఓ-ఎల్-వై-ఏ-టి-టి-ఐ అనీ ఉంది. మా మేనేజర్ గారు జి ఉండాల్సిందే అంటున్నారు. నాకు వై సరైనదనిపిస్తోంది. ఎవరిది కరెక్టు?

వోల్గా డాక్టర్:
వై. నేను సమారాలో మెడిసిన్ చదివాను, ఆ ఊరు అక్కడికి దగ్గరే. చదివినన్నాళ్లూ ఒక్కరి నోట కూడా 'గ' వినలేదు. రష్యన్‌లో రాసేది మెత్తని ల, ఆ వెంటనే యా. మన ల కింద య వత్తు పెట్టినట్టే. జి పెట్టి రాస్తే మనవాళ్లు 'టోగ్లియాట్టి' అని చదువుతారు. మా బ్యాచ్‌వాడు ఒకడు బస్టాండులో అలాగే అడిగాడు. టికెట్లమ్మే ఆవిడ మూడుసార్లు చెప్పించుకుని, చివరికి కాగితం ఇచ్చి రాయమంది.

రిటైర్డ్ మేష్టారు:
డాక్టరు గారూ, అది రష్యన్ మాటే కాదు కదండీ. ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు పాల్మీరో తొల్యాత్తి ఇంటిపేరు. ఆయన 1964 ఆగస్టు 21న యాల్టాలో పోయారు. వారం తిరిగేసరికి స్తావ్రొపోల్ అనే ఊరికి ఆయన పేరు పెట్టారు. ఇటాలియన్‌లో జి-ఎల్-ఐ కలిస్తే పలికేది 'ల్య' అనే, గ వినపడదు. ఇంగ్లిష్‌వాళ్లు ఆ మనిషి పేరు జి-తో రాస్తూ, ఆయన పేరున్న ఊరిని వేరే స్పెల్లింగుతో రాయడం ఏం న్యాయం? సరాతోవ్ ఎదుట, జర్మన్ కమ్యూనిస్టు ఎంగెల్స్ పేరు పెట్టిన ఊరుంది. రష్యన్ అక్షరాల ప్రకారం అచ్చంగా మారిస్తే మెత్తని ల అని చూపించడానికి ఎల్ తర్వాత అపాస్ట్రఫీ రావాలి. ఎవరు రాస్తున్నారు? జర్మన్ స్పెల్లింగే వాడుతున్నారు.

గేరు బాక్స్:
ఫియట్ వాళ్లు ఫ్యాక్టరీ కట్టించారు కాబట్టి ఇటలీ పేరు పెట్టారని విన్నానే?

రిటైర్డ్ మేష్టారు:
తారుమారు చేశారు బాబూ. పేరు 1964లో, ఫియట్‌తో ఒప్పందం 1966లో. కార్లు బయటికొచ్చింది 1970లో.

కోఠి కుర్రాడు:
మేష్టారూ, ఎంగెల్స్ బాగానే ఉంది గానీ తొరెజ్ సంగతేంటి? ఫ్రెంచ్ కమ్యూనిస్టు మొరిస్ తొరెజ్ కూడా 1964లోనే పోయాడు. దొనెత్స్క్ దగ్గర బొగ్గు గనుల ఊరికి ఆయన పేరు పెట్టారు. ఫ్రెంచ్‌లో ఆ పేరులో టి తర్వాత హెచ్ ఉంటుంది. 2014లో మలేషియా విమానం కూలినప్పుడు ఆ ఊరి పేరు రోజూ ఇంగ్లిష్ వార్తల్లో వచ్చింది, హెచ్ లేకుండానే. ఒకే ఏడు, ఇద్దరూ కమ్యూనిస్టు నాయకులే, ఒకే రకం గౌరవం. మరి ఫ్రెంచాయనకు పోయిన అక్షరం ఇటలీ ఆయనకు ఎందుకుండాలి?

ఇంకోటి. మా మూసారాంబాగ్ నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచ్ జనరల్ రేమండ్ పేరు మీద వచ్చిందంటారు. మస్యూ రేమండ్ జనం నోట్లో పడి మూసారాం అయ్యాడు. అసలు మనిషి ఫ్రెంచివాడు కదా అని బస్సు బోర్డు మీద ఇంగ్లిష్‌లో ఫ్రెంచ్ స్పెల్లింగు రాస్తే కండక్టరుకే అర్థం కాదు. ఊరికి పెట్టాక పేరు ఆ ఊరిదే. తొల్యాత్తి జనానికి 1996లో పాత పేరుకు వెళ్దామా అని ఓటు పెడితే ఎక్కువమంది వద్దన్నారు. అప్పటికి అది వాళ్ల రష్యన్ పేరైపోయింది.

రిటైర్డ్ మేష్టారు:
తొరెజ్ దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఊరివాళ్లే ఇంగ్లిష్‌లో జి వాడుతున్నారే! అక్కడి స్టేట్ యూనివర్సిటీ జి-తోనే రాసుకుంటుంది. అమ్మోనియా చేసే తొల్యాత్తిఅజోత్ కంపెనీ కూడా అంతే. ఊరివాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకు?

వోల్గా డాక్టర్:
సంస్థ తన పేరు ఎలా రాసుకుంటే అలాగే రాయాలి, అందులో వాదన లేదు. మన దగ్గర ఊరు విశాఖపట్నం అని రాస్తూనే అక్కడి రైల్వే డివిజన్‌ను ఏళ్ల తరబడి వాల్తేరు అని రాయలేదా? ఊరి పేరు మాత్రం మ్యాపులో ఉన్నట్టు రాయండి.

ప్రూఫుల పిచ్చి:
అందరికీ థాంక్సండీ. తొరెజ్ ఉదాహరణ చూపిస్తే మేనేజర్ గారు మెత్తబడ్డారు. ఊరికి వై, కంపెనీకి జి. మొదటిసారి వచ్చినచోట జి స్పెల్లింగు కూడా వాడుకలో ఉందని ఒక ముక్క రాశాం, వెతికేవాళ్లకు రెండూ దొరకాలి కదా. పైప్‌లైన్ పేరు దగ్గరే ఇంకా తేలలేదు. ఊరి పేరా, కంపెనీ పేరా అది?

అన్నట్టు, మ్యాపులో మూడోది బయటపడింది. ఎల్ తర్వాత అపాస్ట్రఫీ, ఆ తర్వాత వై. మేష్టారు ఎంగెల్స్ దగ్గర చెప్పిన పద్ధతే. అది ప్రింటులో పడ్డ మచ్చ అనుకుని మా డిజైనర్ నిన్ననే చెరిపేశాడట.