రాసినవాడు నిర్దోషి, అచ్చేసిన సంస్థ దోషి: స్కాట్ నియరింగ్ కేసు ఎవరైనా వివరిస్తారా?

అందరికీ నమస్కారం. అమెరికన్ సోషలిస్టు ఆర్థికవేత్త స్కాట్ నియరింగ్ (1883–1983) గురించి చదువుతున్నాను. బాలకార్మిక వ్యవస్థ మీద గట్టిగా మాట్లాడే ఈయన్ని 1915లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఉద్యోగంలోంచి తీసేసింది. అంతవరకు అర్థమైంది, డబ్బున్న ధర్మకర్తలకు ఆ మాటలు రుచించి ఉండవు.

నాకు కొరుకుడు పడనిది 1919 నాటి విచారణ. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఈయన రాసిన కరపత్రం మీద గూఢచర్య చట్టం (Espionage Act; సైన్యంలో చేరికలను అడ్డుకునే మాటలు, రాతలు కూడా దీని కింద నేరమే) కింద కేసు పెట్టారు. జ్యూరీ ఈయన్ని వదిలేసింది, అదే కరపత్రాన్ని ప్రచురించిన అమెరికన్ సోషలిస్ట్ సొసైటీకి మాత్రం 3,000 డాలర్ల జరిమానా పడింది! రాతలో తప్పు లేకపోతే అచ్చులో ఎలా వచ్చింది? న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

ఇంకొకటి. 1932లో వెర్మాంట్ పల్లెకు వెళ్లి రాతి ఇల్లు కట్టుకుని, మేపుల్ పాకం అమ్ముకుని బతికారు. ఆయనతో ఉన్న హెలెన్ అంతకుముందు మన మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తికి సన్నిహితురాలట! ఈ దంపతుల గురించి తెలుగులో ఏదైనా పుస్తకం, కనీసం ఒక మంచి వ్యాసం ఉంటే పేరు చెప్పగలరా? ఇంగ్లీషువైతే విచారణ గురించి వివరంగా ఉన్నవే కావాలి, తోటపని పుస్తకాలు వద్దు.