అరవై దాటినవారు ఇండోర్ మినీ గోల్ఫ్‌కు వెళ్ళవచ్చునా?

పర్లాకిమిడి మాస్టారు:
సభ్యులందరికీ నమస్కారం. నాకు అరవై ఒకటి. ఉద్యోగ విరమణ చేసి ఏడాది అయింది. సంక్రాంతికి నేనూ మా ఆవిడా హైదరాబాదులో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. అక్కడ ఒక మాల్‌లో అడవి ఇతివృత్తంతో, చీకటి గదుల్లో మెరిసే రంగులతో తీర్చిన మినీ గోల్ఫ్ (కర్రతో బంతిని దొర్లించి, వీలైనంత తక్కువ దెబ్బల్లో గుంటలో వేసే ఆట) ఉన్నదట; మా అల్లుడుగారు నలుగురికీ శనివారం సాయంత్రానికి టికెట్లు తీసేశారు. అల్లుడు తీసిన టికెట్టు కనుక కాదనలేను. కానీ వెంట చిన్నపిల్లలెవరూ లేకుండా నలుగురు పెద్దవాళ్ళం ప్లాస్టిక్ మొసలి నోట్లోకి బంతి కొడుతూ నిలబడితే చూసేవారు నవ్వరా అన్నది నా మొదటి సందేహం. రెండవది నా మోకాలు. మూడవది మా ఆవిడది: చీరతో ఆడవచ్చునా?

బరంపురం వాసి:
మాస్టారూ, నమస్కారం. ఇది పిల్లల ఆటగా మొదలైనది కాదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో మహిళలు తమకంటూ ఒక పట్టింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. కర్రను భుజం పైకి ఎత్తి కొట్టడం ఆడవారికి మర్యాద కాదని ఆ రోజుల్లో భావించేవారు కాబట్టి, బంతిని నేలమీదనే దొర్లించే ఆట వారికి మిగిలింది. మిట్టపల్లాలతో నిండిన ఆ మైదానాన్ని ఇప్పటికీ ‘హిమాలయాస్’ అనే పిలుస్తారు. అమెరికాలో లుకౌట్ పర్వతం మీద గార్నెట్ కార్టర్ 1920ల చివర్లో తన హోటల్ అతిథుల కోసం కట్టించిన చిన్న గోల్ఫ్ మైదానంతో పెద్దవాళ్ళకు దాని పిచ్చి పట్టింది. 1930 నాటికి న్యూయార్క్ మేడల కప్పుల మీద కూడా ఆడారు. పచ్చిక పెంచే అవసరం లేకుండా, పత్తిగింజల పొట్టును ఇసుక, నూనె, రంగులతో కలిపి నేల తయారుచేసే పద్ధతి అప్పటికే ఉండటం అందుకు కలిసివచ్చింది.

ఇక ఆట సంగతి. మామూలుగా పద్దెనిమిది గుంటలు ఉంటాయి. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి దాదాపు 43. అంటే బంతికి రెండున్నర రెట్లు. అయినా గట్టిగా కొడితే బంతి గుంట మీదుగా దూకి వెళ్ళిపోతుంది. మణికట్టు కదపకుండా, భుజాల నుంచి గడియారపు లోలకంలా కర్రను ఊపండి. మీ వేసవి సెలవులు అరుగు మీద కారమ్స్ బోర్డు ముందు గడిచి ఉంటే మీరు సగం నేర్చుకున్నట్టే, ఎందుకంటే మలుపు ఉన్న చోట గుంటను చూసి కాక పక్కగోడను చూసి కొట్టాలి. స్ట్రైకర్ ఏ కోణంలో తగిలితే ఆ కోణంలోనే తిరిగి వస్తుందన్న లెక్క ఇక్కడా ఇంచుమించు పనిచేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో ఆరు దెబ్బలలో బంతి పడకపోతే ఏడు రాసుకుని ముందుకు వెళ్ళిపోతారు. మీరూ అదే పాటించండి, లేకపోతే వెనుక వచ్చేవారు మీ కోసం నిలబడిపోతారు.

గుణుపురం కోడలు:
మాస్టారు గారూ, నేను బెంగళూరులో మా అన్నయ్య కుటుంబంతో చీరలోనే ఆడాను, ఇబ్బంది లేదు. అయితే అమ్మగారిని బరంపురం పట్టు కట్టుకోవద్దని చెప్పండి; కుచ్చిళ్ళు కాస్త పైకి వచ్చే నూలుచీర, వెనుక పట్టీ ఉన్న చెప్పులు చాలు. ఆ గదుల్లో వెలిగేది అతినీలలోహిత కాంతి. సబ్బుపొడుల్లో తెలుపు కోసం కలిపే పదార్థం ఆ కాంతికి మెరుస్తుంది కనుక మీ తెల్లచొక్కా ట్యూబులైటులా కనిపిస్తుంది. నల్లచొక్కా అయితే దానికి పట్టిన నూలుపోగులన్నీ మిణుగురుల్లా బయటపడతాయి! నవ్వేవారి గురించి దిగులు పడకండి, ఆ చీకటిలో ఎవరి బంతి వారికి కనిపిస్తే అదే పదివేలు.

మోకాలి మాట మాత్రం తేలికగా తీసుకోవద్దు. ప్రతి గుంట దగ్గరా బంతి పెట్టడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి వంగాలి. చాలా చోట్ల చివరి గుంట బంతిని మింగి నేరుగా కౌంటరుకు పంపిస్తుంది, అక్కడొక్కటే మినహాయింపు. ఈ వంగే పని అల్లుడుగారికి అప్పగించండి. వెలుతురు లోంచి లోపలికి వెళ్ళగానే అడుగు వేయక, కళ్ళు అలవాటు పడేదాకా గుమ్మం దగ్గర ఆగండి. బంతి దొర్లే బాటల అంచు చెక్కలు కాలికి తగులుతాయి.

రాయగడ రైలుబండి:
నేను ఒప్పుకోను. పుణేలో మా అబ్బాయి నన్ను శనివారం సాయంత్రమే ఇలాంటి చోటికి తీసుకువెళ్ళాడు. ప్రతి గుంట దగ్గరా వరుస, చెవులు దిబ్బళ్ళు వేసే పాటలు, వెనుక పుట్టినరోజు పిల్లల గుంపు. మొసలి తల ఉన్న గుంటలో మోటారు చెడిపోయి దాని నోరు తెరుచుకోనే లేదు. పెట్టిన డబ్బుకు ఆ సాయంత్రం తగదు. ఆటను తప్పుపట్టను, రోజును తప్పుపడతాను. పనిదినాన మధ్యాహ్నం వెళ్ళేటట్లయితే సరే.

పర్లాకిమిడి మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. అల్లుడుగారితో మాట్లాడి టికెట్లను మంగళవారం మధ్యాహ్నానికి మార్పించాను. మా ఆవిడ నూలుచీర తీసి పెట్టెలో సర్దేసింది. బంతులు వంగి తీసే పని ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. స్కోరు రాసే కాగితం మాత్రం నా చేతిలోనే ఉండాలని షరతు పెట్టాను. ముప్పై ఏళ్ళకు పైగా మార్కులు వేసిన చేయి, మరొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదు.