గొడవ ఆగకముందే అంబులెన్స్ సిబ్బంది లోపలికి వెళ్లాలా?

ఈఎంటీ_ములుగు:
ములుగు వైపు 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే బండిలో ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక కాల్ వచ్చింది. పెళ్లి బరాత్‌లో కొట్లాట, ఒకతనికి చేతి మీద కత్తిపోటు. మేము వెళ్లేసరికి ఇంకా రాళ్లు పడుతున్నాయి. పైలట్ అన్న (డ్రైవర్‌ను మేము అలాగే అంటాం) బండిని ఊరి మూల మీద ఆపాడు. పోలీసులకు ఫోన్ చేసి 18 నిమిషాలు ఆగాం. వాళ్లు వచ్చాక వెళ్లి, గాయం అదిమి కట్టు కట్టి, సెలైన్ పెట్టి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్లాం. బతికాడు. కానీ బండి ఎక్కించేటప్పుడు వాళ్లమ్మ నా కాలర్ పట్టుకుని, "నా కొడుకు రక్తం కారుతుంటే మూల మీద నిలబడి చూస్తివా బిడ్డా" అంది. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. శిక్షణలో మాకు నేర్పింది మాత్రం ఇదే: ముందు నీ భద్రత, తర్వాత నీ జతగాడిది, ఆ తర్వాత పేషెంటు. నేను చేసింది తప్పా?

పరకాల_రైతుబిడ్డ:
తప్పే తమ్మీ. కోపంతో అనడం లేదు. గెట్టు పంచాయితీలో మా చిన్నాయన కొడుక్కి తొడ మీద గొడ్డలి దెబ్బ పడింది. వచ్చిన అంబులెన్స్ దూరంగా ఆగింది. వాళ్లు దగ్గరికి వచ్చేసరికి మావాడు లేడు. పోలీసుల కోసం ఎదురుచూడకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టే 1989లో చెప్పింది కదా? మరి మీరెందుకు ఆగుతారు?

స్టీరింగ్_11ఏళ్లు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ బండిలో ఉండేది ఇద్దరమే. ఈఎంటీ తలకు రాయి తగిలితే నేను బండి నడపాలా, ఇద్దరికి కట్లు కట్టాలా? ఇంకో మండలం నుంచి ఇంకో బండి రావాల్సిందే. వానాకాలంలో తెగిన కరెంటు తీగ పక్కన మనిషి పడి ఉంటే, లైన్ బంద్ చేసేదాకా మేము ముట్టుకోం. అప్పుడు ఎవరూ మమ్మల్ని పిరికివాళ్లు అనరు. రాళ్ల దగ్గర ఆగితే మాత్రం అంటారు. చేతికి గ్లోవ్స్ తప్ప మాకేం ఉన్నాయి?

హన్మకొండ_వకీలు:
1989 నాటి పరమానంద్ కటారా తీర్పు గురించి ఒక మాట. గాయపడిన మనిషిని ముందు పోలీసు కాగితాలు తెమ్మని ఆస్పత్రి తిప్పి పంపకూడదన్నది దాని సారం. రాళ్లు పడుతున్న చోటికి దూరి వెళ్లమని కాదు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకోటి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం ఐదేళ్ల వరకు జైలు. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకే. ఆ సడలింపు రిజిస్టర్డ్ డాక్టరుకే రాశారు, ఈఎంటీకి కాదు. రోడ్డు మీద, చీకట్లో, అదే ప్రాణం కోసం పనిచేసే మనిషికి రక్షణ తక్కువా? ఇది మారాలి. వైద్య సిబ్బంది మీద దాడులకు 2008లో వచ్చిన చట్టంలో పారామెడికల్ సిబ్బంది కూడా ఉన్నారు, అది నాన్ బెయిలబుల్ కేసు. దెబ్బ పడితే ఊరుకోకండి, ఫిర్యాదు ఇవ్వండి.

తమ్ముడూ, ఎన్నింటికి చేరావు, పోలీసులకు ఎన్నింటికి చెప్పావు, ఎందుకు ఆగావు, ఎప్పుడు పేషెంటును ముట్టుకున్నావు, ఇవన్నీ కేస్ షీట్‌లో అప్పటికప్పుడే రాయి. రేపు కోర్టులో నిన్ను నిలబెట్టేది ఆ నాలుగు లైన్లే.

క్యాజువాలిటీ_అక్క:
ఆగడం తప్పని నేను అనను. ఆ 18 నిమిషాలు ఊరికే ఆగడం మాత్రం తప్పు. 108కి కాల్ చేసిన నంబరు మీ దగ్గర ఉంటుంది కదా? ఆ మనిషికి తిరిగి ఫోన్ చేసి, గాయం ఎలా అదమాలో చెప్పొచ్చు. అలా ఎందుకు చేయలేదు?

ఇంకో సంగతి. ఆ హడావిడిలో సూది గుచ్చుకుందా? గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీటితో కడగాలి, పిండకూడదు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో కూడా చూసుకో. నిద్ర పట్టకపోవడం నెల దాటిందంటే డాక్టరుకు చెప్పాల్సిందే తమ్ముడూ, దాచుకోవద్దు.

ఈఎంటీ_ములుగు:
ఫోన్ సంగతి నాకు తట్టలేదు అక్కా. టెన్షన్‌లో పోలీసుల నంబరు ఒక్కటే కనిపించింది. సూది గుచ్చుకోలేదు. నిద్ర గురించి ఎల్లుండి ఆఫ్ రోజున డాక్టరుకు చూపించుకుంటాను.

పరకాల_రైతుబిడ్డ:
మావాడి చుట్టూ ఇరవై మందిమి ఉన్నాం. నీళ్లు తాగించాం, పసుపు పెట్టాం. గట్టిగా అదమమని చెప్పినవాడు లేడు. ఎలా అదమాలి?

ఈఎంటీ_ములుగు:
శుభ్రమైన గుడ్డ మడతపెట్టి సరిగ్గా గాయం మీద పెట్టాలి అన్నా. రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేయాలి. గుడ్డ తడిసినా తీసి చూడొద్దు, దాని మీదే ఇంకోటి వేయాలి. తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. మేము వచ్చి చేతులు తీయమనేదాకా తీయొద్దు.